మాస్టారింట్లో పడిన నాలుగు బోర్లు

నెమలివలస మునిసిపల్ కమిషనరు విశ్వంభరరావుగారు ఏదో దూరపు నగరంలో శిక్షణకు వెళ్లొచ్చి, వచ్చిన మర్నాడే తమ ఊరిని గుంతలు లేని పట్టణంగా ప్రకటించారు. ప్రకటించడం ముందు, పూడ్చడం తరవాత. అక్కడ నేర్పిన ఆధునిక పద్ధతి అదేనట.

ఊళ్లో గుంతలకు కొదవ లేదు. కాకపోతే రోడ్ల మీద ఉన్నవన్నీ రోడ్ల శాఖవారి గుంతలు. వారి అజమాయిషీలో పుట్టి, వారి నిధులతో ఏటా పూడి, మళ్లీ వారి కళ్లముందే పెరిగి పెద్దవవుతున్నవి. ఒక శాఖ గుంతలో ఇంకో శాఖ కాలు పెట్టడం మర్యాద కాదు. అంచేత ఉద్యమం జనం ఇళ్ల మీదికి మళ్లింది. గుంత అంటే ఏమిటో ఉత్తర్వులో సందేహం లేకుండా రాశారు: "ప్రైవేటు ఆవరణలో పైమూత లేకుండా ఉండి, నీరు నిలుచుటకు అవకాశము గల ఏ ఖాళీ అయినను."

ఈ లెక్కన మొదటి వారంలోనే వరహాలమ్మ రుబ్బురోలు గుంతగా తేలింది. ఆవిడ ఇంట్లో లేని సమయం చూసి సిబ్బంది దాని నిండా సిమెంటు పోసి, తాపీతో నున్నగా చేసి, "పూడ్చబడినది" అని ఎర్రరంగుతో రాసి వెళ్లారు. వరహాలమ్మ వీధిలో నిలబడి సాయంత్రం దాకా తిట్టింది. ఆ నోటికి మూత లేదని ఎవరో అన్నారు గానీ, అందులో నీరు నిలవదు కాబట్టి సిబ్బంది దాని జోలికి పోలేదు.

అదే వీధిలో ఉండే తవిటినాయుడు మాస్టారికి ఇదేమీ పట్టలేదు. ఆయన హైస్కూల్లో తెలుగు పండితుడు. వేసవి సెలవులు నడుస్తున్నాయి. ఆయన బెంగంతా కారు గురించి. ఆ కారుకి వాళ్ల పెళ్లి కన్నా వయసెక్కువ. నడిపేది ఆయన భార్య గౌరీశ్వరి, బాగుచేసుకునేది ఆయన. గౌరీశ్వరి ప్రభుత్వ నర్సు. ప్రతి బుధవారం మంచుపెట్టెలో టీకాలు సర్దుకొని కొండ మీది పనసమెట్టకు వెళ్లాలి. బస్సు కొండ కిందే ఆగిపోతుంది. ఆటోవాళ్లు ఆ ఘాటు రోడ్డు పేరు వింటేనే దండం పెడతారు. నడిచి ఎక్కితే పైకి చేరేలోపు పెట్టెలో మంచు నీరైపోతుంది, మంచు నీరైతే టీకాలు కూడా నీళ్లతో సమానం. ఆ పాత కారు కొన్నదే అందుకు.

ఆ బుధవారం కారు కొండ దిగి ఇంటికి వచ్చేసరికి వెనక తెల్లటి పొగ.

"రేడియేటర్లో పోసిన నీళ్లు పోసినట్టే మాయమైపోతున్నాయండీ," అంది గౌరీశ్వరి దిగుతూనే. "ఎక్కడా కారట్లేదు. అదే తాగేస్తంది."

మాస్టారు బానెట్ ఎత్తి, నూనె చూసే పుల్ల బయటికి లాగారు. నల్లగా ఉండాల్సిన నూనె పాలెక్కువైన టీ రంగులో ఉంది. ఆయన ముఖం కూడా కాస్త ఆ రంగుకే తిరిగింది.

"హెడ్ గాస్కెట్ పోయిందే."

"అదేటి?"

"ఇంజనుకి మొండెం, తల వేరువేరుగా ఉంటాయి. రెండిటికీ మధ్య పల్చటి పలక ఒకటుంటాది. నీటిని నీటి దారినా, నూనెని నూనె దారినా, మంటని మంట దగ్గరా ఉంచేది అదే. అది కాలిపోతే అన్నీ కలిసిపోతాయి."

"పెద్దకోడలు పుట్టింటికి పోయిన ఇల్లన్నమాట," అంది గౌరీశ్వరి. "వచ్చే బుధవారానికి అయిపోవాల. ఈసారి పన్నెండుమంది చంటిపిల్లలున్నారు."

మెకానిక్ షెడ్డులో అడిగితే నెల పడుతుందన్నారు. మాస్టారు జిల్లా కేంద్రానికి వెళ్లి కొత్త గాస్కెట్ తెచ్చుకొని, శనివారం పొద్దున్నే వాకిట్లో రేకుల పందిరి కింద పని మొదలుపెట్టారు. బ్యాటరీ తీగ ఊడదీశారు, నీళ్లన్నీ దింపేశారు, గొట్టాలూ తీగలూ తీసినవి తీసినట్టు పాతచీర మీద వరసలో పెట్టుకున్నారు. హెడ్డు బోల్టులు చాలాసేపు మొరాయించాయి. చివరికి ఇద్దరూ చెరోపక్కా పట్టి ఆ ఇనప తలని పైకెత్తారు. గాస్కెట్ రెండో సిలిండరుకీ మూడో సిలిండరుకీ మధ్య కాలిపోయి, మాడిన అట్టు అంచులా ఉంది. వేడికి హెడ్డు ఏమైనా వంగిందేమో చూసి సాపు చేయించడానికి మాస్టారు దాన్ని లేత్ షాపుకి పంపించి, ఇంజను మొండెం మీద పాత తువ్వాలు కప్పి, కాళ్లు కడుక్కొని టీ తాగుతూ కూర్చున్నారు.

అప్పుడే గుంతల పర్యవేక్షకుడు జోగారావు గేటు తీసుకొని లోపలికి వచ్చాడు. చేతిలో కొలకర్ర, వెనక సిమెంటు తట్టతో ఒక మనిషి. ఆ ఉద్యోగం కొత్తగా పుట్టింది, అతని చొక్కా కూడా కొత్తదే.

"ఆ తువ్వాలు కింద ఏటుంది మాస్టారూ?"

"ఇంజను."

జోగారావు తువ్వాలు ఎత్తి చూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు. "నాలుగు!"

"అవి సిలిండర్లండి."

"పేరు ఏదైనా పెట్టుకోండి. మూత ఏదీ?"

"లేత్ షాపుకెళ్లింది."

"అంటే ప్రస్తుతం లేదు. ఉత్తర్వు వర్తమాన కాలంలో ఉంది." అతను గ్లాసుడు నీళ్లు అడిగాడు. తాగడానికనుకొని మాస్టారు తెచ్చి ఇస్తే, వారించేలోపే వాటిని రెండో సిలిండర్లో పోశాడు. పోసి, మోకాళ్ల మీద చేతులు ఆనించి, లోపలికి తొంగి చూశాడు. నీళ్లు కదలకుండా ఉన్నాయి. "నిలిచింది!" అన్నాడు. గొంతులో ఉద్యోగం ధన్యమైన తృప్తి.

తరవాత కొలకర్ర దించాడు. మధ్యలోవి రెండూ లోతు, అటుదీ ఇటుదీ పైపైనే ఉన్నాయి.

"అలా ఉండవండి, పిస్టన్లు కిందకీ పైకీ తిరుగుతుంటాయి. ఇదిగో చూడండి," అని మాస్టారు హ్యాండిల్ దూర్చి ఇంజనుని అర చుట్టు తిప్పారు. లోతైనవి రెండూ నెమ్మదిగా పైకొచ్చాయి. పైనున్నవి రెండూ కిందికి దిగాయి. పోసిన నీళ్లు పొంగి అంచు మీదుగా పక్క సిలిండర్లోకి జారాయి.

సిమెంటు తట్ట మనిషి "అమ్మో" అన్నాడు. జోగారావు ముఖం గంభీరమైంది.

"తనిఖీ జరుగుతుండగా గుంతల లోతు మార్చారు. ఇది సాక్ష్యం తారుమారు కిందకొస్తాది. మీరు చదువుకున్నవారు, పిల్లలకి చెప్పేవారు..." అంటూ కారు మడ్‌గార్డు మీద ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు వేయించాడు. "సోమవారం వచ్చి పూడ్చేస్తాం. సిమెంటు ఖర్చు మాదే."

మాస్టారికి వరహాలమ్మ రుబ్బురోలు కళ్లముందు మెదిలింది. "అయ్యా, అందులో సిమెంటు పోస్తే అది ఇక కారు కాదండి, సమాధి. బోర్లు ఇప్పుడిప్పుడే అరగడం మొదలెట్టాయి గానీ, ఇంకా పదేళ్లు..."

"ఏటీ? ఏటన్నారు?"

"బోర్లు. సిలిండరు లోపలి గోడల్ని మేం బోరు అంటాం."

జోగారావు పెన్ను మూసేశాడు. గుంత వేరు, బోరు వేరు. బోరు భూగర్భజల శాఖది. తన అధికారం దాటిపోయిన బాధ అతని ముఖంలో కనిపించింది. "ముందే చెప్పాల కదండీ," అని నిష్ఠూరంగా అని, ఫోను తీశాడు.

సోమవారం భూగర్భజలాధికారి పురుషోత్తంగారు వచ్చారు. సన్నగా, నెమ్మదిగా, ఎప్పుడూ నిద్ర చాలని మనిషిలా ఉంటారు. ఆయన ఇంజను చుట్టూ ఒకసారి తిరిగారు. ఏదో అడగబోయి ఆగారు. వెనకే జోగారావు నిలబడి ఉన్నాడు, అతని వెనక వీధిలో సగంమంది ఉన్నారు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఈ నాలుగు బోర్లకు అనుమతి ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదండి, కారుతో పాటే వచ్చాయి."

"వారసత్వ బోర్లు," అని రాసుకున్నారు. "ఒక బోరుకీ ఇంకో బోరుకీ మధ్య చాలినంత దూరం ఉండాలి. ఇక్కడ బొటనవేలు పట్టేంత కూడా లేదు. ఇది తీవ్రమైన అతిక్రమణ."

"అయితే పూడ్చెయ్యమంటారా?" అన్నాడు జోగారావు ఆశగా. తట్ట మనిషి ముందుకొచ్చాడు.

"పూడ్చడానికి వీల్లేదు. నమోదైన బోరును పూడ్చాలంటే మా శాఖ పరీక్ష కావాలి. తెరిచి ఉంచడానికీ వీల్లేదు. తెరిచిన బోరు ప్రమాదకరం."

"మూసుకోమంటారా, మూసుకుంటాను. మూత సాయంత్రానికి వస్తాది," అన్నారు మాస్టారు.

"అనుమతి లేకుండా బోరు మూయడం కూడా నేరమే మాస్టారూ," అన్నారు పురుషోత్తంగారు, ఎంతో జాలిగా.

ఆయన నీటి నమూనా కోసం ఒక కాగితం ముక్క సిలిండర్లో ముంచి తీశారు. నీళ్ల మీద నూనె పొర ఎండలో ఇంద్రధనుస్సులా మెరిసింది. ఆయన మాట్లాడేలోపే జోగారావు అరిచాడు. "నూనె! బోర్లో నూనె పడింది!"

ఆ కేక వీధి దాటి, సంత దాటి, మునిసిపల్ ఆఫీసు మేడ ఎక్కింది. మధ్యాహ్నం రెండింటికల్లా కమిషనరుగారు స్వయంగా వచ్చారు. రాగానే చెప్పులు విప్పారు. తువ్వాలు కప్పిన ఇంజనుకు నమస్కరించారు.

"అయ్యా, అది ఇంజను నూనెండి," అన్నారు మాస్టారు. "నేనే పోశాను. డబ్బా కూడా ఉంది."

"వినయం!" అన్నారు విశ్వంభరరావుగారు జనం వైపు తిరిగి. "పండితుల వినయం ఇలాగే ఉంటుంది. కానీ మాస్టారూ, భూమాత ప్రసాదించినదాన్ని నేను పోశాననడం అహంకారం కూడా అవుతుంది. ఆలోచించుకోండి. గుంతల నిర్మూలన నుంచి ఇంధన స్వావలంబన వైపు! మన పట్టణం వేసిన ఈ అడుగును రాష్ట్రం యావత్తూ గమనిస్తోంది."

రాష్ట్రం సంగతేమో గానీ, పురుషోత్తంగారు మాత్రం తన చెప్పుల్ని గమనిస్తూ నిలబడ్డారు. కారు చుట్టూ కొబ్బరితాడు కట్టారు. కర్రతో ఒక కాపలాదారుని కూర్చోబెట్టారు. ఇంటి యజమాని కారుకు పది అడుగుల దూరంలో ఉండాలని ఆదేశించారు. కారు పోను వాకిట్లో పది అడుగుల చోటు లేదు కాబట్టి మాస్టారు వీధిలో నిలబడ్డారు.

డ్యూటీ ముగించుకొని గౌరీశ్వరి వచ్చేసరికి ఇదీ పరిస్థితి. మాస్టారు తడబడుతూ అంతా చెప్పారు. ఆమె తాడునీ, కాపలాదారునీ, మడ్‌గార్డు మీది అంకెల్నీ ఒక్కొక్కటే చూసింది. ఆమెకు నవ్వు రాలేదు. ఎల్లుండి బుధవారం. ఆమె చీరకొంగు నడుముకి బిగించి, కమిషనరుగారి ముందుకెళ్లింది.

"సార్, నూనె పడిందంట, సంతోషం. పైకి ఎలాగ తీస్తారు?"

విశ్వంభరరావుగారు పురుషోత్తంగారి వైపు చూశారు. పురుషోత్తంగారు జోగారావు వైపు చూశారు. జోగారావుకి చూడ్డానికి తట్ట మనిషి తప్ప ఎవరూ మిగల్లేదు.

"మోటారు బిగించాల కదండి," అంది గౌరీశ్వరి. "ఈ బోర్లకి సరిపడే మోటారు పైభాగం లేత్ షాపులో ఉంది. మధ్యలో వేసే పలక ఇంట్లో ఉంది. బిగించడం మా ఆయనకి వచ్చు. మీరు అనుమతిస్తే బుధవారం పొద్దున్న మీ చేతులమీదుగా ప్రారంభం చేసుకుందురు గానీ."

కమిషనరుగారి ముఖం వెలిగింది. ప్రారంభం అన్న మాట విన్నాక ఆయన దేన్నీ కాదన్న చరిత్ర లేదు.

బుధవారం తెల్లవారేసరికి వాకిట్లో షామియానా, కుర్చీలు, మైకు. మాస్టారు అప్పటికే బోర్లలో నీళ్లు పీల్చి, శుభ్రంగా తుడిచి, గోడలకు నూనె పూసి, తలా మొండెం కలిసే రెండు అంచులూ అద్దంలా గీకి పెట్టుకున్నారు. కొత్త గాస్కెట్‌ని దేవుడి పటం పట్టుకున్నట్టు రెండు చేతులతో తెచ్చి, రంధ్రానికి రంధ్రం సరిచూసి పరిచారు. లేత్ షాపు నుంచి వచ్చిన హెడ్డుని పురుషోత్తంగారు ఒకవైపు పట్టారు. ఎవరూ అడక్కుండానే పట్టారు.

మొదటి బోల్టు కమిషనరుగారు బిగించాలి. ఆయన ఫొటోగ్రాఫరుకు దగ్గరగా ఉన్న మూల బోల్టు మీద స్పానరు పెట్టారు.

"అక్కడ కాదండి," అన్నారు మాస్టారు గాభరాగా. "ముందు నడిమివి. ఆ తర్వాత అటొకటి ఇటొకటి, కొంచెం కొంచెం బిగించుకుంటూ చివర్లకి పోవాల. చివర్లు ముందు బిగిస్తే మధ్యలో ఉబ్బిపోతాది."

"ముందు కేంద్రం, తరవాత సరిహద్దులు," అన్నారు కమిషనరుగారు మైకులో. "ఇదే పరిపాలనా రహస్యం." జనం చప్పట్లు కొట్టారు. బోల్టు అర చుట్టు తిప్పి ఆయన చెమట తుడుచుకున్నారు. మిగిలినవన్నీ మాస్టారు బిగువు కొలిచే పొడవాటి స్పానరుతో మూడు విడతల్లో బిగించారు. ఆ పని జరుగుతున్నంతసేపూ మైకులో ఉపన్యాసం నడిచింది. ఉపన్యాసం, వాల్వుల సర్దుబాటు ఇంచుమించు ఒకేసారి పూర్తయ్యాయి.

నీళ్లు పోశారు. కొత్త నూనె పోశారు. "ఇది దేనికి?" అని జోగారావు అడిగితే, "బావి ఊరడానికి ముందు చెంబుడు నీళ్లు పోసినట్టు," అన్నారు మాస్టారు. గౌరీశ్వరి డ్రైవరు సీట్లో కూర్చుంది. కొబ్బరికాయ కొట్టారు. ఆమె తాళం తిప్పింది.

ఇంజను రెండుసార్లు మూలిగింది. మూడోసారి అందుకుంది. వెనక నుంచి తెల్లటి పొగ గుప్పున వచ్చి ముందు వరసని కప్పేసింది. మళ్లీ మొదటికే వచ్చిందని మాస్టారు కారు వెనక్కి పరిగెత్తారు. కానీ అది గొట్టంలో మిగిలిపోయిన తడి. కాసేపటికి పొగ పల్చబడి, పూర్తిగా ఆగిపోయింది. ఇంజను శబ్దం నిలకడపడింది. మాస్టారికి కళ్లు చెమర్చాయి. కమిషనరుగారికి కూడా చెమర్చాయి గానీ, అది పొగకి.

"నూనె ఎటు వస్తోంది?" అని అడిగారాయన దగ్గుతూ.

"లోపల తిరుగుతోంది సార్," అంది గౌరీశ్వరి. పక్క సీట్లో మంచుపెట్టె పెట్టుకుంది. "ఏమండీ, ఎక్కండి." మాస్టారు ఎక్కారు. కారు కదిలింది. కొబ్బరితాడు ఒక్క క్షణం సాగి, తెగిపోయింది. జనం అది కూడా కార్యక్రమంలో భాగమనుకొని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

"సార్, బోర్లు పోతున్నాయ్!" అని జోగారావు వీధి చివరిదాకా పరిగెత్తాడు.

ఆ రోజు పనసమెట్టలో పన్నెండుమంది చంటిపిల్లలూ సమానంగా ఏడ్చారు. వేడి సూచిక ముల్లు ఘాటు పొడుగునా సగం దాటలేదు.

నెమలివలసలో మాత్రం రెండు శాఖలు తలపట్టుకున్నాయి. జోగారావు త్వరగానే గట్టెక్కాడు. కారు పోయాక మాస్టారి వాకిలి నున్నగా ఉంది కాబట్టి, దాన్ని ఊళ్లో మొదటి గుంతలు లేని ఇల్లుగా ప్రకటించి ఇత్తడి పలక బిగించాడు. పురుషోత్తంగారి పని అంత సులువు కాలేదు. నమోదైన బోరు మాయం కావడానికి వీల్లేదు. ఎక్కడో ఒకచోట ఉండాలి. ఎక్కడుందని కమిషనరుగారు గద్దించి అడిగితే, ఆయన ఉన్నమాటే రాశారు: "సదరు నాలుగు బోర్లు పనసమెట్టకు తరలినవి."

రెండు వారాల తరవాత గౌరీశ్వరి కొండ ఎక్కేసరికి, ఊరి పెద్దావిడ కాసులమ్మ ఒక కాగితం పట్టుకొని ఎదురొచ్చింది.

"నర్సమ్మా, ఇదేటో సదువు. ఎన్ని ఏళ్లనుండో బోరు ఎయ్యమని అడగతన్నాం గదా. జవాబొచ్చింది."

గౌరీశ్వరి చదివింది. పనసమెట్ట గ్రామంలో ఇప్పటికే నాలుగు బోర్లు ఉన్నందున కొత్త బోరు అభ్యర్థన తిరస్కరించడమైనది. ఇన్నాళ్లూ ఈ కథ ఆసుపత్రిలో అందరికీ చెప్పి నవ్వించింది. ఇప్పుడు కాసులమ్మ ముఖంలోకి చూడలేకపోయింది.

మర్నాడు భార్యాభర్తలిద్దరూ పురుషోత్తంగారి ఆఫీసుకి వెళ్లారు. మాస్టారు ఎప్పుడూ లేనిది గొంతు పెంచారు. "ఒక మాట ఇంకో మాటని మింగితే నవ్వుకోవచ్చు సార్. ఊరి నీళ్లు మింగేస్తే ఎలాగ?"

పురుషోత్తంగారు బల్ల మీది ఫైలు మూశారు. "ఫిర్యాదు వస్తే స్థల తనిఖీ చేయవచ్చు," అన్నారు. "మా జీపు ఆ ఘాటు ఎక్కదు."

"మా కారు ఎక్కుతాది," అంది గౌరీశ్వరి.

దారిలో ఆయన ఒకే ఒక్కసారి నోరు విప్పారు. "బోర్లు ఇంకా ఎంత దూరం?"

"మీ కాళ్లకి ముందే ఉన్నాయి సార్," అన్నారు మాస్టారు వెనక సీట్లోంచి.

పనసమెట్టలో కాసులమ్మ సత్తుచెంబుతో నీళ్లిచ్చింది. ఆయన గటగటా సగం తాగి, ఎక్కడివని అడిగారు. ఆమె కిందికి చెయ్యి చూపించింది. లోయలో, చాలా దిగువన, రాళ్ల మధ్య ఊట. అక్కడి నుంచి బిందెలతో ఆడవాళ్లు వరసగా ఎక్కి వస్తున్నారు. అందులో ఒకామె నిండు చూలాలు. మధ్యలో బిందె దించి, రాతికి ఆనుకొని నిలబడింది. పురుషోత్తంగారు మిగిలిన సగం తాగలేదు. ఒలికిపోకుండా చెంబు జాగ్రత్తగా గట్టు మీద పెట్టారు.

"బోర్లు చూపించండి," అన్నారు. మాస్టారు బానెట్ ఎత్తారు. ఇద్దరూ ఇంజను మీదికి వంగారు.

"నాకు మొదటిరోజే తెలుసు మాస్టారూ," అన్నారు పురుషోత్తంగారు నెమ్మదిగా. "అది కారని చెప్తే, మరి బోర్లు చూడ్డానికి ఎందుకు వచ్చారని అడుగుతారు. అడిగితే చెప్పడానికి ఏమీ లేదు."

ఆయన బానెట్ అంచు మీదే కాగితం పెట్టి రాశారు. రాసి, మాస్టారికి ఇచ్చారు. "భాష సరిచూడండి."

మాస్టారు పైకి చదివారు. "నాలుగు బోర్లను క్షుణ్ణంగా పరీక్షించడమైనది. ఒక్కదానిలోనూ చుక్క నీరు లేదు. కావున గ్రామమునకు కొత్త బోరు తక్షణమే మంజూరు చేయవచ్చును."

మళ్లీ ఒకసారి లోలోపల చదువుకున్నారు. తెలుగు పండితుడిగా ఆయన సర్కారు కాగితాలు చాలా చూశారు. "తప్పులేం లేవు సార్," అన్నారు. "అబద్ధం కూడా లేదు."

"ఉండకూడదు కూడా," అంది గౌరీశ్వరి. "చుక్క నీరుంటే మళ్లీ గాస్కెట్ పోయినట్టే."

ఆ కాగితం మీద కమిషనరుగారు అలవాటుగా చదవకుండానే సంతకం పెట్టారు. వానలు మొదలుకాకముందే బోరు లారీ పనసమెట్ట ఎక్కింది.